గింతే ఉందన్నా

మణుగూరు బొగ్గుగనుల కాలనీలో ఏ ఇంట్లో శుభకార్యం జరిగినా రెండు లేకుండా జరగదు. ఒకటి షామియానా, రెండోది బిక్షపతి. షామియానా కిరాయికి వస్తుంది, బిక్షపతి ఊరికే వస్తాడు. అంతే తేడా.

ఓపెన్‌కాస్ట్ గనిలో, అంటే నేల పైనుంచి తవ్వుకుపోయే గనిలో, ఎలక్ట్రీషియన్ అతను. వయసు నలభై ఏడు. డ్యూటీ దిగి, ఒంటికున్న బొగ్గు కడుక్కుని, తెల్లచొక్కా తొడుక్కున్నాడంటే ఎక్కడో పొయ్యి వెలిగిందని అర్థం. పుట్టువెంట్రుకలకు పిలుస్తారు. ఓణీల ఫంక్షన్‌కు పిలుస్తారు. పెళ్ళి సరేసరి. ఇక రిటైర్మెంటు సన్మానమైతే మైకు అతని చేతిలో ఉండాల్సిందే. "రాను" అనే మాట అతని నోట ఎవరూ విన్న పాపాన పోలేదు. చెడ్డవాడు కాదు పాపం. ఆ ఒక్క మాటా పలకలేకపోవడమే అతని జబ్బు. ఒకే మధ్యాహ్నం మూడు చోట్ల భోజనానికి ఒప్పుకుని, మూడు చోట్లా తిని, సాయంత్రం అరుగు మీద కూర్చుని సోడా తాగిన రోజులు భార్య అరుణశ్రీ ఎన్నో చూసింది.

"మనింట్ల ఫంక్షన్ అయితే నువ్వు నిలుస్తవా? లేకపోతే నిన్ను గూడ కార్డు పెట్టి పిలువాల్నా?" అని అడుగుతుందామె. బిక్షపతి నవ్వేసి బండి స్టార్ట్ చేస్తాడు.

ఆ ఇంట్లో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. దాని మీద ఒక గులాబీరంగు సబ్బుపెట్టె. దాంట్లో సబ్బు ఎప్పుడూ లేదు. గోరంత మైకు, వేలెడు పొడుగు ఆంప్లిఫయర్ బోర్డు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, మూతకు పొడిచిన చిల్లులోంచి బయటికి వేలాడే ఒక ఇయర్‌ఫోను ఉన్నాయి. అది చెవుడున్న మనిషికి వినపడేట్టు చేసే యంత్రం. చేస్తుందని బిక్షపతి ఆశ. రెండేళ్ళుగా అది ఈల మాత్రమే వేస్తోంది.

ఆ యంత్రం ఎవరికోసమో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

బిక్షపతి కొత్తగా పనిలో చేరింది ఇంక్లైన్‌లో. అంటే భూమి లోపలికి ఏటవాలుగా దిగే గని. అక్కడ పోతయ్య షాట్‌ఫైరర్. బొగ్గుగోడకు వేసిన రంధ్రాల్లో మందు నింపి, మనుషులందరినీ దూరం పంపి, పేల్చడం అతని పని. పేలుతుంటే అందరూ చెవులు మూసుకుంటారు. పోతయ్య మూసుకోడు. ఎన్ని పేలాయో లెక్కపెట్టాలి కదా. ఒకరోజు పేలుడు అయిపోగానే బిక్షపతి కేబుల్ చూసుకుందామని పొగలోకి పరుగులాంటి నడకతో బయలుదేరాడు. తొందరెందుకంటే, పైన ఎవరిదో పెళ్ళి ఉంది. వెనకనుంచి కాలరు పట్టుకుని లాగాడు పోతయ్య.

"ఆగు. ఏడు పెట్టిన. ఆరే పేలినయ్."

బిక్షపతికి వినపడింది ఒక్కటే పెద్ద మోత. ఆగవలసినంతసేపు ఆగి, పోయి చూస్తే, ఏడో రంధ్రంలో మందు అలాగే ఉంది. బిక్షపతి నిలబడి పనిచేయాల్సిన చోటుకు మూరెడు దూరంలో. ఆ రోజు ఆ చెవులు లేకపోతే బిక్షపతి ఆ తరువాత తిన్న విందుల్లో ఒక్కటీ తినేవాడు కాదు. అప్పటినుంచి పోతయ్య అతనికి అన్న, వెంకమ్మ వదిన.

ముప్ఫై ఏళ్ళు మోతలు లెక్కపెట్టిన చెవులు పోతయ్య రిటైరయ్యేనాటికి దాదాపు మూసుకుపోయాయి. సన్మానం రోజు దండలు వేసి, డప్పులతో జీపులో ఇంటిదాకా తెచ్చి, షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టారు. మైకు ఎవరి చేతిలో ఉందో చెప్పనక్కర్లేదు. రెండు వందల మంది. బగారన్నం వాసన. మైకు పట్టుకుంటే బిక్షపతికి ఒళ్ళు తెలియదు.

"మా పోతన్న చెవులతోటి నేను బతికిన! ఇయ్యాల ఆ చెవులకు వినపడ్తలేదు. నేను ఎలక్ట్రీషియన్‌నే గద! నా చేతులతోటి మిషిని చేసి అన్న చెవుల పెడత! ఇది మాట!"

షామియానా దద్దరిల్లింది. ఆ చప్పట్లు ఎందుకో తెలియక దిక్కులు చూస్తున్న పోతయ్య చెవిలో దస్రు అరిచి చెప్పాడు. దస్రు బిక్షపతికి పనిలో జోడీ. విన్న పోతయ్య కుర్చీలోంచి లేచి, అంతమంది ముందూ తమ్ముడికి రెండు చేతులూ జోడించాడు. ఆ దండం ఆ రోజు బిక్షపతికి చాలా బాగుంది. ఆ తరువాత ఎప్పుడు గుర్తొచ్చినా లేచి బండి తాళం వెతుక్కుంటాడు.

ఇద్దరివీ ఎదురెదురు క్వార్టర్లు. ఉదయం పోతయ్య బయట ప్లాస్టిక్ కుర్చీలో చాయ్ తాగుతూ ఉంటాడు. బిక్షపతి బండి తీస్తుంటే, చెవి దగ్గర చూపుడువేలు తిప్పి, ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు. బిక్షపతి చెయ్యెత్తి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నటి సందు పట్టి చూపిస్తాడు. "గింతే ఉందన్నా" అని నోటితో కూడా అంటాడు, వినపడదని తెలిసీ. పోతయ్య సంతోషంగా తలూపి చాయ్ తాగుతాడు. రెండేళ్ళుగా రోజూ ఇదే. ఆ సందు నూలుపోగంత కూడా తగ్గలేదు.

పని చేయలేదని అనడానికి లేదు. చేశాడు. ఆదివారం పొద్దున సోల్డరింగ్ కడ్డీ వేడెక్కించి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక తీగ అతికిస్తాడో లేదో ఫోన్ మోగుతుంది. "బిక్షపతన్నా, వంటోళ్ళు వచ్చిండ్రు, నువ్వేడున్నవ్?" వస్తున్నా అంటాడు. ఒకసారి కడ్డీ ఆపడం మరిచిపోయి పోయాడు. బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డకు అరచేయంత చిల్లు పడింది. ఆ చిల్లు మీద అరుణశ్రీ ఒక్క మాటా అనలేదు, గుడ్డ మార్చనూ లేదు. చూసినప్పుడల్లా కనపడాలని అలాగే ఉంచింది.

తీరా కూర్చున్న రోజు యంత్రం మాట వినదు. ఫోన్‌లో వీడియోలు చూసి చేస్తే వీడియోలో పలుకుతుంది, ఇక్కడ ఈల వేస్తుంది. ఈల తగ్గిస్తే గుర్రుమంటుంది. గుర్రు తగ్గిస్తే ఫ్యాన్ మోత, కుక్కర్ మోత, వీధిలో టిప్పర్ల మోత అన్నీ ఒకేసారి చెవిలో పోస్తుంది, మాట తప్ప. ఆరువేల ఆరువందల వోల్టుల బొగ్గు తవ్వే షావెల్ యంత్రం మొరాయిస్తే గంటలో లేపి నిలబెట్టే మనిషి, తొమ్మిది వోల్టుల ముందు చతికిలబడ్డాడు. సిగ్గుగా ఉండేది. సిగ్గుపడుతూ కూర్చోవడం కంటే తెల్లచొక్కా తొడుక్కుని నలుగురిలోకి పోవడం తేలిక. అక్కడ అందరూ నవ్వుతూ పలకరిస్తారు, ఎవరూ ఈల వేయరు.

శ్రావణమాసం. ఒక శుక్రవారం పదకొండింటికి బిక్షపతి తల దువ్వుకుంటుంటే వెంకమ్మ వచ్చింది. ఆమె ఊరికే గడప దాటే మనిషి కాదు.

"ఎటో పోతున్నట్టున్నవ్ బిక్షపతీ. ఒక్క మాట అడిగి పోత."

"కూసో వదినా."

"కూసునేది లేదు. మొన్న మీ అన్న పాలప్యాకెట్‌కు పోయిండు గద. ఎనకనుంచి బొగ్గు టిప్పర్ వచ్చింది. హారన్ కొట్టిండట, కొట్టిండట. ఈయనకేం తెలుస్తది? ఆ డ్రైవర్ ఎవరో పుణ్యాత్ముడు, బ్రేక్ తొక్కిండు. ఈయన బెదిరి మోరీల వడ్డడు. మోచేతులు గీక్కపోయినయ్. పాలప్యాకెట్ పగిలిందని బాధపడుకుంట వచ్చిండు ఇంటికి."

కొంగుముడి విప్పి, మడతలు నలిగిన ఒక కాగితం తీసింది. దవాఖానా చిట్టీ. పోతయ్యను ఖమ్మంలో చెవుల డాక్టరుకు చూపించి మిషిని పెట్టించమని రాసి ఉంది. కింద తేదీ చూశాడు బిక్షపతి. సన్మానం జరిగిన నెల. రెండేళ్ళ కిందటిది.

"మరి ఖమ్మం ఎందుకు పోలే వదినా?"

"నేను చెప్పిన. బిడ్డ సరళ గూడ చెప్పింది. 'తమ్ముడు చేస్తున్నడు. నేను పోయి కొన్నది పెట్టుకుంటే తమ్ముని మొఖం చిన్నబోతది' అన్నడు. ఇంక ఎవరి మాట వినలే." వినలేదన్న మాటకు ఆమె తనే కాస్త నవ్వింది. "నిన్ను తొందర పెడుతలేను బిక్షపతీ. నీ పనులు నాకు ఎరికే. ఇంక ఎన్నొద్దులు పడతదో చెబితే, అన్నొద్దులు ఈయనను రోడ్డు మీదికి పోనియ్య. గంతే."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. బిక్షపతి చెయ్యి అలవాటుగా పైకి లేచింది, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికొచ్చాయి. మధ్యలో ఆ సందు. తన వేళ్ళను తనే చూసుకుని చెయ్యి దించేశాడు.

"చెప్త వదినా. రెండ్రోజులల్ల చెప్త."

ఆమె పోయాక అరుణశ్రీ వంటింటి గుమ్మంలోంచి అంది, "ఆ అంగీ ఇడువు."

"మాటిచ్చిన అరుణా. మైకు నేనే పట్టాలె."

"ఆయనకు గూడ మాటే ఇచ్చినవ్. మైకులనే ఇచ్చినవ్."

అయినా పోయాడు. అదీ మన బిక్షపతి. రెండేళ్ళు ఒక మనిషి తనకోసం చెవిటితనం మోశాడని తెలిసిన గంటలోపు, ఎవరి కూతురి ఓణీల ఫంక్షన్‌లోనో "హలో హలో" అంటూ నిలబడ్డాడు. మైకు ఒక్కసారిగా కీచుమంది. మైకు అన్నాక కీచుమంటుంది, ఎవరూ పట్టించుకోరు. బిక్షపతి మాత్రం మైకును దూరంగా పట్టుకున్నాడు. పై జేబులో వెంకమ్మ ఇచ్చిపోయిన చిట్టీ. ఆ కీచు పోతయ్య చెవిలో తను వేయించిన ఈల లాగే ఉంది. పిల్ల పేరు తప్పు చదివాడు. జనం నవ్వారు. అన్నం తింటే రుచి తెలియలేదు. ఇంటికొచ్చి చిట్టీ తీసి మళ్ళీ మళ్ళీ చదివాడు, తేదీ మారుతుందేమో అన్నట్టు.

ఆదివారం ఫోన్ అరుణశ్రీ చేతికిచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ఎవరు పిలిచినా లేడని చెప్పమన్నాడు. అయిదు గంటలు కూర్చున్నాడు. ఈల కొంచెం సన్నబడింది. అంత మాత్రానికే ఆశపడి, సబ్బుపెట్టె పట్టుకుని ఎదురింటికి పోయాడు.

పోతయ్య మోచేతులకు బ్యాండేజీలు. తమ్ముడి చేతిలో పెట్టె చూడగానే మొహం విప్పారింది. ఎప్పటిలాగే ఎడమచెవి చూపించాడు. ఎప్పుడు పరీక్షించినా ఎడమచెవిలోనే. అది ఎక్కువ మొద్దుబారిన చెవి, అది వింటే కుడిది తనే వింటుందని బిక్షపతి లెక్క. ఇయర్‌ఫోను పెట్టి స్విచ్ వేశాడు. పోతయ్య కనురెప్పలు గట్టిగా బిగుసుకున్నాయి. మరుక్షణం నవ్వాడు.

"బాగుంది తమ్మీ."

బిక్షపతి అతని వెనక్కి పోయి నిలబడి, స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఏడుసార్లు. ముందుకొచ్చి, ఎన్ని అని చెయ్యి తిప్పి అడిగాడు.

పోతయ్య ఒక క్షణం ఆలోచించి, చెయ్యి చాచి వేళ్ళన్నీ చూపాడు. "అయిదు. అవ్ గద?"

బిక్షపతి తలూపాడు. అవ్ అన్నాడు. గ్లాసు పెట్టడానికి వంటింట్లోకి పోతే వెంకమ్మ ఎదురుగా ఉంది. ఆమె ఏడూ వింది. బిక్షపతి మొహం తిప్పుకుని గ్లాసు కడిగాడు. ఎవరూ తాగని గ్లాసును ఎందుకు కడుగుతున్నాడో అతనికే తెలియదు.

ఖమ్మం తీసుకుపోవాలి, అది ఖాయం చేసుకున్నాడు. కాని ముందు, నాతో కాలేదన్నా అని చెప్పాలి. ఇక్కడొచ్చింది చిక్కు. పోతయ్యకు ఏ మాట చెప్పాలన్నా అరవాలి. ఆ లైనులో అతనికి చెప్పే మాటంటే ఇరవై క్వార్టర్లకు చెప్పే మాటే. రాసివ్వడానికీ లేదు. పోతయ్య ఏ కాగితమైనా పైకి చదివే మనిషి, తన గొంతు తనకు వినపడదు గనక ఇంకా గట్టిగా చదువుతాడు. మైకులో ఇచ్చిన మాటను మైకు లేకుండా కూడా ఊరంతా వినేలా వెనక్కి తీసుకోవాలి. బిక్షపతికి ధైర్యం చాలలేదు. బయటికొచ్చి, కుర్చీలో ఉన్న పోతయ్య చెవి దగ్గర వంగి అరిచింది ఇది:

"అన్నా! డబ్బకు కొలతలు గావాలె! ఖమ్మం పోదాం! చెవి కొలిపియ్యాలె!"

"అయిపోవచ్చిందా?" అని అంతకంటే గట్టిగా అరిచాడు పోతయ్య.

పక్క క్వార్టర్లోంచి ఎవరో, "అయిపోవచ్చిందట్నా బిక్షపతన్నా? శభాష్!" అన్నారు. బిక్షపతి అటు చూసి కూడా తలూపాడు.

డాక్టరు దొరికేది గురువారం. ఆ గురువారమే కరకగూడెం అవతల తండాలో దస్రు కొత్తింటి గృహప్రవేశం. లైట్లూ మైకూ బిక్షపతివే. ఫోన్ చేసి, "రాను దస్రూ" అన్నాడు.

"కాలిరిగిందా అన్నా?" అన్నాడు దస్రు. నిజంగానే కంగారుపడ్డాడు.

గురువారం మొదటి బస్సుకు బయలుదేరారు. పోతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బిక్షపతి సంచిలో సబ్బుపెట్టె. అబద్ధమాడాక అబద్ధానికి సరిపడా సరంజామా కూడా మోయాలి కదా.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పోతయ్యను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు గంటసేపు ఏవేవో వినిపించింది. బయటికొచ్చి, అతని పక్కనే కూర్చుని ఉన్న బిక్షపతితో మామూలు గొంతుతో మాట్లాడింది. మధ్యలో పోతయ్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ చిరునవ్వు నవ్వుతున్నాడు. మనిషిని ఎదురుగా పెట్టుకుని, గొంతు తగ్గించకుండానే అతనికి తెలియకుండా మాట్లాడుకోవడం ఎంత పాపమో బిక్షపతికి అప్పుడు తెలిసింది.

"కుడిచెవికి మిషన్ పెడితే బాగా వినపడుతుంది. ఎడమచెవికి లాభం లేదండి. శబ్దం అందుతోంది, మాట అందడం లేదు. చాలాకాలం మాట వినకపోతే చెవి దాన్ని పోల్చుకోవడం మానేస్తుంది."

"ఎంత కాలం మేడమ్?"

ఆమె చిట్టీ మీద తేదీ చూసింది. "ఇది రాసినప్పుడే వచ్చుంటే రెండు చెవులకూ పెట్టగలిగేవాళ్ళమేమో. ఖచ్చితంగా చెప్పలేను." తరువాత అతని చేతిలోని పెట్టె చూసింది. "అదేంటి?"

బిక్షపతి ఇచ్చాడు. ఆమె మూత తీసి చూసింది. నవ్వలేదు. "మీరే చేశారా? ఇది అన్ని శబ్దాలనూ పెంచుతుందండి. ఆయనకు పోయినవి కొన్నే. ఏ చెవిలో పెట్టి చూశారు?"

"ఎడమ."

ఆమె మూత మూసేసింది. ఆ ఈల వల్లనే పోయిందా మేడమ్ అని అడగాలి. అడిగితే జవాబు వస్తుంది. బిక్షపతి అడగలేదు.

ఆమె సబ్బుపెట్టెను ట్రేలో పెట్టుకుని లోపలి గదిలోకి పోయింది. కాసేపటికి అదే ట్రేతో బయటికొచ్చింది. ట్రేలో ఇప్పుడు చిక్కుడుగింజంత మిషన్ ఉంది. పోతయ్య కుడిచెవి వెనక అమర్చి, ఏదో సరిచేసింది. పోతయ్య తల ఒక్కసారిగా ఫ్యాను వైపు తిరిగింది. తరువాత ఆమె చేతి గాజుల వైపు. తరువాత కిటికీ వైపు.

"ఏదైనా మాట్లాడండి" అంది డాక్టరమ్మ.

మైకు కనపడితే ఆగని బిక్షపతి బల్ల మీది పెన్ను తీసుకున్నాడు. పోతయ్య వెనక్కి పోయి, బల్ల మీద పెన్నుతో మెల్లగా కొట్టాడు. ఏడుసార్లు.

"ఏడు" అన్నాడు పోతయ్య, వెనక్కి తిరక్కుండానే. "తమ్మీ, ఏడు! ఏడుకు ఏడు పేలినయ్!"

బిక్షపతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పోతయ్య కుర్చీలోంచి లేచి అతని రెండు చేతులూ పట్టుకుని, "గంత డబ్బను గింత చిన్నగ ఎట్ల చేసినవ్ర! ఈడికి తెచ్చి అయిపోగొట్టినవా!" అన్నాడు. డాక్టరమ్మ వైపు తిరిగాడు. "మా తమ్ముడు చేసిండమ్మా. రెండేండ్ల సంది కూసోని చేసిండు."

అతను చూసింది అదే మరి. పెట్టె లోపలికి పోయింది, చిన్న మిషన్ బయటికొచ్చింది. కొలతలకని తీసుకొచ్చిన మనిషి ఇంకేమనుకుంటాడు? డాక్టరమ్మ బిక్షపతి మొహం చూసింది. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అన్నట్టు. బిక్షపతి నేల చూశాడు. అతను బయట కౌంటర్లో డబ్బు కట్టొచ్చాక, పోయేముందు ఆమె సబ్బుపెట్టెను కాగితపు కవర్లో పెట్టి అతని చేతికిచ్చింది. దాన్ని సంచి అడుక్కి తోసేశాడు.

బస్టాండులో చాయ్ పోసేవాడికి చెప్పాడు పోతయ్య. బస్సులో కండక్టరుకు చెప్పాడు. వెనక సీటు ముసలమ్మకు చెవి చూపించి మరీ చెప్పాడు. "మా తమ్ముడు చేసిండు." ఆమె బిక్షపతిని చూసి, "చల్లగ బతుకు బిడ్డా" అంది. కొత్తగూడెం దాటేసరికి పోతయ్య ఆదివారం ఏర్పాట్లు కూడా చేసేశాడు. లైనోళ్ళందరికీ బువ్వ. కోళ్ళు. షామియానా. తమ్ముడికి దండ, శాలువా.

"మైకు నేనే పడత" అన్నాడు. "నువ్వు కుర్చీల కూసో ఆ దినం. అందరికి నువ్వే చేస్తవ్, నీకెవరు చేసిండ్రు?"

జీవితమంతా పరుల పందిళ్ళలో తిరిగిన మనిషికి మొదటిసారి తన కోసం పందిరి వేస్తామంటున్నారు. వద్దు అనడం అతనికి రాదు. ఏమీ మాట్లాడకపోతే చాలు, ఆదివారం అదే వచ్చేస్తుంది. వెంకమ్మకు నిజం తెలుస్తుంది. అయినా చెప్పదు, ఆమె అలాంటిది. అరుణశ్రీకి తెలుస్తుంది. ఆమె కూడా బల్ల మీది గుడ్డను చూసినట్టు చూసి ఊరుకుంటుంది.

పాల్వంచ దాటి అడవి మొదలైంది. ఎండ చెట్ల వెనక్కి దిగింది. పోతయ్య కుడిచెవి కిటికీకి ఆనించి, టేకుచెట్ల మీద గాలి చప్పుడు కాబోలు, కళ్ళు మూసుకుని వింటున్నాడు. బిక్షపతి అతనికి ఎడమపక్కన ఉన్నాడు.

"అన్నా" అన్నాడు మెల్లగా. "అది నేను చేసింది కాదు. నాతోటి కాలే. నా వల్లనే నీ చెవి పోయింది."

గుండెల మీది బరువు దిగినట్టయింది. చెప్పేశాను అనుకున్నాడు. పోతయ్య కదల్లేదు. బస్సు ఒక మలుపు తిరిగింది. ఆ మలుపులోనే బిక్షపతికి తన మీద తనకు అసహ్యం వేసింది. ఏ చెవికి చెప్పాడో అతనికి తెలుసు. తెలిసే అటు కూర్చున్నాడా, లేక కూర్చున్నాక తెలిసిందా, అదొక్కటే తెలియదు.

లేచి నిలబడ్డాడు. పోతయ్య భుజం తట్టి, ఇటు జరగమని సైగ చేశాడు.

"ఎందుకు తమ్మీ? గాలి మంచిగొస్తంది."

"జరుగన్నా. చెప్పేదుంది."

పోతయ్య జరిగాడు. బిక్షపతి కాళ్ళు దాటుకుంటూ కిటికీ వైపు పోయి, అతని కుడిపక్కన కూర్చున్నాడు. సంచి అడుగునుంచి కవరు తీసి, సబ్బుపెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ గులాబీరంగు పెట్టెను చూడగానే పోతయ్య కనుబొమలు ముడిపడ్డాయి. బిక్షపతి వంగి, రెండేళ్ళ అలవాటు కొద్దీ, గొంతు చించుకుని అరిచాడు.

"అన్నా! నేను చెయ్యలే! నాతోటి కాలే! అబద్ధం చెప్పిన!"

బస్సంతా వెనక్కి తిరిగింది. వెనక సీటు ముసలమ్మ నోరు తెరిచింది. కండక్టరు టికెట్టు మిషన్ పట్టుకుని నిలబడిపోయాడు. పోతయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని మొహం చిట్లించాడు.

"గంత మొత్తుకుంటవేందిర! చెవు గుయ్యిమంటంది. మెల్లగ చెప్పు. నాకు ఇప్పుడు వినపడ్తంది గద."

బిక్షపతి సబ్బుపెట్టె వైపు చూశాడు. మెల్లగా చెప్పడం అరవడం కంటే ఎంత కష్టమో ఆ నిమిషం దాకా అతనికి తెలియదు. పెట్టె మూత మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టాడు.

"మొన్న ఆదివారం గ్లాసు మీద ఏడుసార్లు కొట్టినన్నా. నువ్వు అయిదన్నవ్. నేను అవ్ అన్న."